పెట్టె మీద రాసిన గాలి

మా ఆయనకి ఒంటికి ఫ్యాను గాలి తగిలితే తుమ్ములు. నాకేమో గాలి ఆడకపోతే బుర్ర పనిచేయదు. రాత్రి పదింటికి ఆయన నడుం వాల్చగానే సీలింగ్ ఫ్యాను ఆగిపోతుంది. అదే గదిలో మూలనున్న నా బల్ల మీద ప్రూఫులు దిద్దే పని సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. ఆ మూలకి ఉన్నది ఒకే ఒక్క ప్లగ్గు. దాంట్లో ఎప్పుడూ నాలుగు నోళ్ల యూఎస్‌బీ ఛార్జర్ ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు లాక్కోవచ్చు కదా అంటారేమో. లాగాను. అర్ధరాత్రి మంచినీళ్లకి లేచిన మనిషి ఆ తీగ తట్టుకుని పడబోయి, నా ల్యాప్‌టాప్‌ని పట్టుకుని ఆగాడు. ల్యాప్‌టాప్ మాత్రం ఆగలేదు, నేల దాకా వెళ్లింది. ఆ రోజుతో తీగల ముచ్చట ముగిసింది.

అందుకని నాక్కావలసిన బల్ల ఫ్యాను ఇదీ: యూఎస్‌బీ మీద నడవాలి, గాలి నా ఒక్కదాని మీదే పడాలి, గట్టిగా పడాలి, పక్కన పడుకున్నవాళ్లకి చప్పుడు వినపడకూడదు. వినడానికి పెద్ద కోరికలేం కావు. కానీ అవి నెరవేరడానికి రెండు వేసవులు పట్టింది. ఇప్పుడు నా సొరుగులో పక్కన పెట్టేసినవి రెండు, కాలిపోయింది ఒకటి ఉన్నాయి. బల్ల మీద తిరుగుతున్నది ఒకటి. మధ్యలో వచ్చి వెళ్లిపోయిన భూతం ఇంకొకటి. అన్నిటి సంగతీ చెప్తాను. కొన్నవాటి కంపెనీ పేర్లు చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు, ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్కు పది పేర్లతో అమ్ముడవుతోంది.

ముందు నా కొలబద్ద గురించి. గాలి వేగం కొలిచే మీటరు నా దగ్గర లేదు. ప్రూఫు కాగితాలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. 80 జీఎస్ఎమ్ ఏ4 కాగితం ఒక్కటి సరిగ్గా 5 గ్రాములు తూగుతుంది. దాన్ని టేబుల్ ల్యాంపు మెడకి క్లిప్పుతో వేలాడదీసి, మూరన్నర దూరంలో ఫ్యాను పెట్టి, కాగితం అడుగు అంచు ఎంత పైకి లేస్తుందో చూస్తాను. శాస్త్రీయం అనను. కానీ అన్ని ఫ్యాన్లకీ ఒకే కాగితం, ఒకే దూరం. పెట్టె మీద రాతల కన్నా నాకు ఇదే నమ్మకం.

మొదటిది నాలుగంగుళాల క్లిప్పు ఫ్యాను. ప్రూఫులు దిద్దేదాన్ని కాబట్టి పెట్టె మీద అక్షరం కూడా వదలను. పైన పెద్దక్షరాలతో ‘సూపర్ టర్బో, 10 వాట్లు’ అని ఉంది. ఫ్యాను అడుగున అంటించిన చీటీలో ‘5 వోల్టులు, 1 ఆంప్’ అని ఉంది. అంటే 5 వాట్లు. లోపలి మడత కాగితంలో ‘4 వాట్లు’ అని ఉంది. ఒకే వస్తువుకి మూడు చోట్ల మూడు లెక్కలు. నా దగ్గరికి ఇలాంటి పేజీ వస్తే మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టి వెనక్కి పంపేస్తాను. ఇక్కడ వెనక్కి పంపే వీల్లేదు, పెట్టె చింపేశాను.

తమ్ముడు వచ్చినప్పుడు జేబులోంచి బొటనవేలంత యూఎస్‌బీ మీటరు తీసి ఛార్జర్‌కీ ఫ్యానుకీ మధ్య గుచ్చాడు. 5.06 వోల్టులు, 0.29 ఆంపులు. రెండూ గుణిస్తే ఒకటిన్నర వాట్లకి కొంచెం తక్కువ. ‘అక్కా, ఇది టర్బో కాదు, విసనకర్ర’ అన్నాడు. కాగితం పరీక్షలో అడుగు అంచు కొంచెం ఊగింది, అంతే. మొహానికి జానెడు దూరంలో పెట్టుకుంటే పర్వాలేదు. కానీ అంత దగ్గర పెట్టుకుంటే ముక్కు చల్లగా, మెడ చెమటగా ఉంటుంది, చదివే పేజీకి అడ్డం కూడా.

దీనికి కారణం ఉంది. పాత రకం యూఎస్‌బీ 2.0 రంధ్రం మామూలుగా ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంప్, అంటే రెండున్నర వాట్లు. 3.0 వచ్చాక అది 0.9 ఆంపులకి, అంటే నాలుగున్నర వాట్లకి పెరిగింది. ల్యాప్‌టాప్‌కి గుచ్చినా చెడిపోకుండా తిరగాలని ఇలాంటి చిన్న ఫ్యాన్లని చాలావరకు ఆ రెండున్నర వాట్ల లోపే ఉండేట్టు చేస్తారు. తప్పేం లేదు. తప్పల్లా పెట్టె మీద పది అని వేయడంలో ఉంది. ఆ మీటరుని తమ్ముడికి తిరిగి ఇవ్వలేదు. మీరు ఫ్యాను కొనకముందే అలాంటిది ఒకటి కొనుక్కోండి. నేను రాస్తున్న వాటిల్లో మొహమాటం లేకుండా ఐదు నక్షత్రాలూ ఇచ్చేది ఆ మీటరుకే.

రెండోది ఆరంగుళాలది. లోహపు ఒళ్లు, లోహపు జాలీ, చూడటానికి పాతకాలపు టేబుల్ ఫ్యాను పిల్లలా ముద్దుగా ఉంది. వెనక టైప్-సి రంధ్రం. ఇంటికి తెచ్చి ఆత్రంగా నా ఛార్జర్ సి-నోటి నుంచి సి-కేబుల్‌తో కలిపాను. తిరగలేదు. ఇంకో కేబుల్ పెట్టాను, తిరగలేదు. మార్చుకొద్దామని పెట్టెలో సర్దేశాక, ఊరికే పెట్టెతో పాటు వచ్చిన పొట్టి కేబుల్‌ని, అంటే ఒకవైపు పాత వెడల్పు నోరు, ఒకవైపు సి ఉన్నదాన్ని పెట్టి చూశాను. ఝుమ్మని తిరిగింది.

దీని వెనక కథ తెలిసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సి నుంచి సి కేబుల్ వేసినప్పుడు, ఎదుట ఒక వస్తువు ఉందని తెలిస్తే తప్ప ఛార్జర్ కరెంటు వదలదు. ఆ సంగతి తెలపడానికి వస్తువు లోపల రెండు చిన్న రెసిస్టర్లు ఉండాలి, ఒక్కోటి 5.1 కిలో ఓములు. మిరపగింజంత కూడా ఉండవు. చవగ్గా చేసే చాలా వస్తువుల్లో వాటిని ఎగ్గొడతారు. పాత వెడల్పు నోటికి ఈ పట్టింపు లేదు, ఎప్పుడూ 5 వోల్టులు వదులుతూనే ఉంటుంది. కాబట్టి మీ సి ఫ్యాను సి కేబుల్‌తో ‘చచ్చిపోయి’ ఉంటే, పారేసే ముందు ఆ పాత కేబుల్‌తో ఒకసారి చూడండి.

గాలి సంగతికొస్తే ఇది నయం. మీటరు 0.8 ఆంపులు చూపించింది, అంటే నాలుగు వాట్లు. కాగితం అంచు మూడంగుళాలు లేచింది. అయితే పెట్టెలో వచ్చిన కేబుల్ జానెడే కాబట్టి, పాత ఫోనుతో వచ్చిన ఒకటిన్నర మీటరు సన్న కేబుల్ తగిలించాను. అదే ఫ్యాను, అదే ఛార్జర్, కానీ కాగితం రెండంగుళాల దగ్గరే ఆగింది. ఇదేం చోద్యమని తమ్ముడికి ఫోన్ చేస్తే కాగితం మీద లెక్క వేయించాడు. సన్న కేబుళ్లలో ఉండే 28 గేజి రాగితీగకి మీటరుకి సుమారు 0.21 ఓముల నిరోధం. కరెంటు పోవాలి, తిరిగి రావాలి కాబట్టి మూడు మీటర్ల తీగ, 0.64 ఓములు. అందులోంచి 0.8 ఆంపులు పారితే అర వోల్టు దారిలోనే కరిగిపోతుంది. ఫ్యాను దాకా చేరేది నాలుగున్నర వోల్టులే. లావు తీగ ఉన్న కేబుల్ కొన్నాక అంచు మళ్లీ మూడంగుళాలకి వచ్చింది. ఫ్యాను మంచిది కాదని తిట్టేవాళ్లలో సగం మంది కేబుల్‌ని తిట్టాల్సి ఉంటుందని నా అనుమానం.

ఇది కూడా సొరుగులోకి ఎందుకు పోయిందంటే, రెండు కారణాలు. ఒకటి, లోపల బ్రష్‌ల మోటారు, అంటే తిరిగే భాగానికి చిన్న ముక్కలు రాసుకుంటూ కరెంటు అందించే రకం. ల్యాప్‌టాప్‌కి గుచ్చి ఫోన్ మీటింగులో కూర్చుంటే అవతలివాళ్లు ‘మీ దగ్గర తుమ్మెదలున్నాయా’ అని అడిగారు. బ్రష్‌ల దగ్గర పుట్టే నిప్పురవ్వల గోల అదే కరెంటు దారిలో యూఎస్‌బీ మైకులోకి దూరుతోంది. ఛార్జర్‌కి మారిస్తే ఆ గోల పోయింది. రెండోది పోలేదు: ఆరు నెలలకి మోటారు కీచుమనడం మొదలుపెట్టింది. నూనె చుక్క వేస్తే వారం ఊరుకుని మళ్లీ మొదలు. మా ఆయన నిద్రలో దిండు తలమీద వేసుకోవడం చూశాక దాన్ని ఆపేశాను.

ఇక్కడ నేను కొన్నాళ్లు కొనడం మానేసి చదవడంలో పడ్డాను. చదివినదాంట్లో రెండు ముక్కలు నా మొత్తం ఆలోచనని తిప్పేశాయి.

మొదటిది: ఒకే ఫ్యానుని వేగంగా తిప్పితే వచ్చే గాలి వేగంతో సమంగా పెరుగుతుంది, కానీ అందుకు కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు, కరెంటు ఎనిమిది రెట్లు. దీన్నే వెనక నుంచి చదివితే ఇంకా బాగుంటుంది: వేగం సగానికి తగ్గిస్తే గాలి సగం ఉంటుంది, ఖర్చు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. రెండోది: అంతే శక్తిని పెద్ద రెక్కలకి ఇస్తే, ఎక్కువ గాలిని నెమ్మదిగా కదుపుతాయి. రెక్కల వ్యాసం రెట్టింపైతే, లెక్క ప్రకారం, అవే వాట్లతో రెండున్నర రెట్ల గాలి కదులుతుంది. నిజం ఫ్యాన్లలో ఇంత శుభ్రంగా రాకపోవచ్చు, మోటారులో కొంత, రెక్కల వంకరలో కొంత పోతుంది. కానీ దారి అదే. ఇన్నాళ్లూ నేను చిన్న ఫ్యానులో పెద్ద మోటారు కోసం వెతుకుతున్నాను. వెతకాల్సింది పెద్ద రెక్కలు.

మూడోది నేనే కట్టాను. కంప్యూటర్ డబ్బాల్లో వేడి తోడే 120 మిల్లీమీటర్ల ఫ్యాను. వీటికి నేను ఆకర్షితురాలినవడానికి కారణం సిగ్గుపడకుండా చెప్తాను: వివరాల పట్టిక. నాక్టువా వాళ్ల ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25 పట్టిక తీసి చూడండి: నిమిషానికి 2000 చుట్లు, గంటకి 102.1 ఘనపు మీటర్ల గాలి, 22.6 డెసిబెళ్లు, 1.68 వాట్లు. దశాంశం తర్వాత రెండంకెలు! ‘సూపర్ టర్బో’ పెట్టె చూసిన కళ్లకి అది చల్లటి నీళ్లు చల్లినట్టు ఉంది. ఆ కంపెనీ 5 వోల్టులకే నడిచే రకాలు కూడా చేస్తుంది, యూఎస్‌బీకి కలిపే తీగ పెట్టెలోనే వస్తుంది. సోల్డరింగ్ అంటే భయమున్నవాళ్లు అది కొని, కింద ఒక స్టాండు పెట్టుకుని, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

నేను ఆపలేదు, తమ్ముడి దగ్గర ఊరికే పడి ఉన్న 12 వోల్టుల ఫ్యాను ఉంది కాబట్టి. దాన్ని నేరుగా 5 వోల్టులకి కలిపితే ఏమవుతుందో కూడా చూశాను. వేలితో తోస్తే తప్ప కదల్లేదు. కదిలాక సోమరిగా తిరిగింది. వోల్టేజీ పన్నెండులో ఐదు వంతులైతే వేగం కూడా సుమారు అంతే, ఇందాకటి ఘనం లెక్క వేస్తే పూర్తి శక్తిలో ఏడు శాతం. కాగితం గుర్తు కూడా పట్టలేదు. అందుకని మధ్యలో బూస్ట్ కన్వర్టర్ పెట్టాలి. ఎంటీ3608 అనే చిప్పున్న బోర్డు, రెండు వేళ్ల మధ్య పట్టేంత ఉంటుంది. 5 వోల్టులు లోపలికి, 12 బయటికి. దాని మీద చిన్న ఇత్తడి మర తిప్పుతూ, ఫ్యాను కలపకముందు, వోల్టులు కొలిచే మల్టీమీటరుతో చూసి 12 దగ్గర నిలబెట్టాలి. మరని చాలా చుట్లు తిప్పితేగానీ అంకె కదలదు, బోర్డు చచ్చిందనుకుని కంగారు పడకండి. నేను పడ్డాను.

తీగల రంగులు సులువే: నలుపు గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి, పసుపు 12 వోల్టులు, ఆకుపచ్చ ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పేది, నీలం వేగం తగ్గించే సంకేతం. నీలాన్ని దేనికీ కలపకపోతే ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతుంది. నలుపూ పసుపూ కలిపి మిగతా రెండిటికీ టేపు చుట్టేశాను. ఫ్యాను 12 వోల్టుల దగ్గర పావు ఆంప్, అంటే మూడు వాట్లు. కన్వర్టర్ తినేది కలుపుకుంటే ఛార్జర్ వైపు 0.7 ఆంపులు. ల్యాప్‌టాప్ పాత రంధ్రానికి ఇది ఎక్కువ, గోడ ఛార్జర్‌కి లెక్కలోది కాదు. ముందూ వెనకా తీగ జాలీ బిగించండి, రేకులో రంధ్రాలు కొట్టిన జాలీ వద్దు. రెక్కలు రేకుకి దగ్గరగా తిరిగితే ఈల వేస్తాయి.

చప్పుడు దాదాపు లేదు. బ్రష్‌లెస్ మోటారు కాబట్టి తుమ్మెదలూ లేవు. కానీ గాలి వాలకం నచ్చలేదు. మధ్యలో బొడ్డు ఉన్నచోట గాలే రాదు, దాని చుట్టూ మెలి తిరుగుతూ వచ్చి గొడుగులా విచ్చుకుపోతుంది. డబ్బాలోంచి గాలి తోడటానికి పుట్టిన వస్తువు, ఎదురుగా కూర్చున్న మనిషి సంగతి దానికి పట్టదు. దీనికి నేను చేసిన వైద్యం నాకు ఇప్పటికీ గర్వకారణం: శీతల పానీయాల స్ట్రాలు రెండంగుళాల ముక్కలుగా కోసి, తేనెపట్టులా జిగురుతో అంటించి ఫ్యాను ముందు పెట్టాను. గాలి సొరంగాల్లో ప్రయోగాలు చేసేవాళ్లు గాలి మెలికని విడదీయడానికి వాడే ఉపాయమే. కాగితం అంచు రెండంగుళాల నుంచి నాలుగుకి వెళ్లింది. గాలి మొత్తం కొంత తగ్గి ఉంటుంది, స్ట్రాల గోడలకి రాసుకుంటుంది కదా, కానీ వచ్చినది నా మెడ దాకా తిన్నగా వచ్చింది. నెలకోసారి స్ట్రాల్లో పట్టిన దుమ్ము ఊదుకోవాలి. అదొక వ్రతం.

ఇక్కడే ఆగి ఉంటే మంచి కథ అయ్యేది. ఆ వేసవంతా దీంతోనే గడిచింది కూడా. కానీ ఉక్కపోత రాత్రుల్లో మూడు వాట్లు చాలలేదు. గట్టిగాలి అంటే ఏమిటో ఒంటికి తెలిసిపోతుంది. చెమట ఆవిరి కావాలి, ఒంటికి అంటుకుని ఉన్న వెచ్చటి గాలి పొర చెదిరిపోవాలి. ఫ్యాను గాలిని చల్లబరచదు. నమ్మకపోతే థర్మామీటరుని ఫ్యాను ముందు పెట్టి చూడండి, అంకె దిగదు. తడి గుడ్డ చుట్టి పెడితే దిగుతుంది. మనం ఆ తడి గుడ్డలం.

అప్పుడు తమ్ముడు పీడీ గురించి చెప్పాడు. పవర్ డెలివరీ. ల్యాప్‌టాప్‌లని ఛార్జ్ చేసే సి-ఛార్జర్లు 5 వోల్టుల దగ్గర ఆగవు, అవతలి వస్తువు అడిగితే 9, 15, 20 కూడా ఇస్తాయి. 20 వోల్టులు, 5 ఆంపుల దాకా, అంటే 100 వాట్లు. 2021లో వచ్చిన సవరణతో 240 వాట్ల దాకా పోయింది. నేను అర ఆంప్ దగ్గర పీనాసి లెక్కలు వేసుకుంటుంటే, అదే బల్ల మీద, అదే ఛార్జర్‌లో ఇంత దాగి ఉంది! అడగడానికి ఒక చిన్న బోర్డు కావాలి. పీడీ ట్రిగ్గర్ అంటారు. ఒకవైపు సి రంధ్రం, ఒకవైపు రెండు తీగలు. అది ఛార్జర్‌తో ‘నాకు 12 కావాలి’ అని మాట్లాడి ఇప్పిస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. 12 వోల్టులు ఇప్పటి ప్రమాణంలో తప్పనిసరి మెట్టు కాదు, ఛార్జర్ చేసేవాళ్ల ఇష్టం. కొన్నిటిలో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. ఛార్జర్ ఒంటి మీద చీమ తలకాయంత అక్షరాలతో రాసి ఉంటుంది, భూతద్దం పెట్టి చదవండి. ‘12V’ అని కనిపిస్తే ఉన్నట్టు. లేకపోతే చాలా బోర్డులు 9 దగ్గర సరిపెట్టుకుంటాయి. నా ఛార్జర్ మీద ఉంది.

నేను కొన్న బోర్డుకి ఒక మీట ఉంది. నొక్కిన కొద్దీ 9, 12, 15, 20 అంటూ మెట్లు మారతాయి, రంగు రంగుల దీపం వెలుగుతుంది. ఏ రంగు ఏ మెట్టో కాగితం మీద రాసుకున్నాను. స్ట్రాల ఫ్యానుని కన్వర్టర్ తీసేసి దీనికి కలిపాను, 12 దగ్గర హాయిగా తిరిగింది. రెండో రోజు రాత్రి బల్ల మీద పుస్తకం జరుపుతుంటే మీట నొక్కుకుపోయింది. ఫ్యాను ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టు గట్టిగా తిరిగి, ఆగి, చేపల మాడు వాసన లాంటిదేదో వదిలింది. 20 వోల్టులు. పొద్దున్నే ఫోన్ చేశాను. ‘వోల్టు మీట మీద టేపు వేయమన్నానా లేదా అక్కా?’ అన్నాడు. అన్నాడు. నేనే వేయలేదు. ఎదుటివాళ్ల అచ్చుతప్పులు పట్టుకుని బతికేదాన్ని, నా బల్ల మీద మీటని చూసుకోలేదు.

మీరు కొనేటప్పుడు మీట ఉన్న బోర్డు వద్దు. ఒకే వోల్టేజీకి స్థిరంగా సోల్డర్ చేసుకునే రకాలు దొరుకుతాయి, అవి తీసుకోండి. అదీ మల్టీమీటరుతో చూశాకే ఫ్యానుకి కలపండి.

కాలిపోయినదాని బదులు తమ్ముడు ఒక సర్వర్ ఫ్యాను తెచ్చాడు. అదీ 120 మిల్లీమీటర్లే, కానీ మందం 38, ఒక ఆంప్ దాటి లాగుతుంది. నేను ‘గట్టి గాలి’ అని ఏడ్చాను కదా, ఇచ్చాడు. ఆన్ చేయగానే అది బల్ల మీద తనంతట తాను వెనక్కి నడిచింది. కాగితం పరీక్షలో కాగితం క్లిప్పులోంచి ఊడి వెళ్లి పరుపు మీద పడింది. చప్పుడు జుట్టు ఆరబెట్టే యంత్రం లాగే ఉంది. చిన్న వ్యాసంలోంచి ఎక్కువ గాలి తోయాలంటే ఇలాగే అరవాలి మరి. ‘విమానం ఎక్కడికి’ అని పక్క మీద నుంచి గొంతు వినపడింది. మర్నాడే వెనక్కి పంపేశాను. బలం కోసం వెతికేవాళ్లు చాలామంది ఈ మజిలీలోనే దిగిపోతారు, చెవులు అప్పగించేసి.

ఇప్పుడు తిరుగుతున్నది పన్నెండంగుళాల టేబుల్ ఫ్యాను. యూఎస్‌బీ అనే మాట దాని పెట్టె మీద ఎక్కడా లేదు. సోలార్ పలకలకీ బ్యాటరీలకీ కలుపుకోవడానికి చేసిన 12 వోల్టుల బ్రష్‌లెస్ ఫ్యాను అది. యూఎస్‌బీ ఫ్యాన్ల వరసలో వెతికినన్నాళ్లూ ఇది నాకు కనపడలేదు. వెనక చిన్న చీటీ: ‘12 వోల్టులు, 1.4 ఆంపులు’. మీటరు పెడితే 1.38 చూపించింది. ఇన్ని పెట్టెలు చదివాక, దిద్దాల్సిన అవసరం లేని మొదటి చీటీ. కొత్త ట్రిగ్గర్ బోర్డుని 12కి బిగించి, దాని తీగలు ఫ్యాను తీగలకి కలిపి, కీళ్ల మీద వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. అరగంట పని. ఎర్రతీగ, నల్లతీగ తారుమారు కాకుండా చూసుకోవడమే అందులో కష్టం.

దాదాపు 17 వాట్లు. మూరన్నర దూరంలో కాగితం పడక వేసినట్టు అడ్డంగా లేచి అలాగే నిలబడింది. మెడ, భుజాలు, చేతులు, అన్నిటికీ ఒకేసారి గాలి. మొదటి పది నిమిషాలు పని మానేసి ఊరికే కూర్చున్నాను.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. ఒక రాత్రి నా ఛార్జర్ వేరే గదిలో ఉండిపోయి, 12 మెట్టు లేని ఇంకో ఛార్జర్‌కి కలిపాను. బోర్డు 9 తోనే సరిపెట్టుకుంది. వేగం ముప్పావుకి దిగింది, మీటరు ఏడు వాట్ల దగ్గర ఆడుతోంది. గాలి కొంచెమే తగ్గినట్టుంది, చప్పుడు మాత్రం మాయమైంది. రెక్కలు తిరుగుతున్నాయో లేదో కళ్లతో చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి మామూలు రాత్రుల్లో 9 మీదే నడుపుతున్నాను. మరీ ఉక్కగా ఉన్న రోజునే 12. ‘గట్టి ఫ్యాను కావాలని రెండేళ్లు నా ప్రాణం తీసి, తెచ్చుకున్నాక మెల్లగా తిప్పుకుంటావా’ అని తమ్ముడు ఇంకా దెప్పుతాడు. దెప్పనీ. ఆ ఏడు వాట్లని నాలుగంగుళాల రెక్కలకి ఇచ్చి చూడమనండి.

కరెంటు లేనప్పుడు పవర్ బ్యాంకు మీద కూడా నడుస్తుంది, అది పీడీ రకం అయితే. 10,000 ఎంఏహెచ్ అని రాసినదాంట్లో ఆ లెక్క లోపలి సెల్ 3.7 వోల్టులది, అంటే 37 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది తీసేస్తే ముప్పై చిల్లర. ఏడు వాట్ల మీద నాకు నాలుగు గంటలు దాటి వచ్చింది. 17 వాట్ల మీద రెండు గంటలు కూడా రాదు. మొదటి క్లిప్పు ఫ్యానైతే ఇరవై గంటలు తిరుగుతుంది. దానికున్న ఒకే ఒక్క గొప్ప అది. ప్రయాణాలకి సొరుగులోంచి దాన్నే తీస్తాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బల్లలో మూడో వంతు అదే ఆక్రమించింది. కాగితాలు దాని ముందు నిలవవు. ప్రతి కట్ట మీదా ఒక బరువు, నా నిఘంటువులు ఇన్నేళ్లకి మళ్లీ పనికొచ్చాయి. ఇంకో చికాకు: నా ఛార్జర్‌లో ఇంకో రంధ్రానికి ఫోను గుచ్చగానే, ఛార్జర్ ఎవరికెంత అని మళ్లీ పంపకాలు మొదలుపెడుతుంది. ఫ్యాను ఒక క్షణం ఆగి మళ్లీ లేస్తుంది. పాడైందనుకుని మొదటిసారి విప్పేశాను కూడా. ఒకటే నోరున్న ఛార్జర్‌తో ఈ బెడద లేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో దాని జాలీ సందులు చూసుకుని కొనండి. నాదానికి ఒక వేలు దూరుతుంది, పై నుంచి సన్న వల తొడిగాను.

ఇంకొకటి మిగిలింది. వెనక తలకాయ మీద, ఫ్యాను అటూ ఇటూ ఊగడానికి ఒక బుడిపె ఉంది. మొన్న దుమ్ము తుడుస్తూ దాన్ని లోపలికి నొక్కేసినట్టున్నాను. అర్ధరాత్రి ఐదో అధ్యాయం మధ్యలో ఉండగా ఫ్యాను మెల్లగా మెడ తిప్పి, పక్క వైపు చూసి, తిరిగొచ్చింది. పదకొండు తుమ్ములు లెక్కపెట్టాను. ఈసారి టేపు వెంటనే వేశాను.